చెప్పకుండా ఇచ్చిన జీతాలు

ఆ ఉదయం లాండ్రీ యజమాని చదువుతున్న పుస్తకం మూసి, ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. తనను నమ్ముకున్నవాళ్లకు పెట్టాకే యజమాని తినాలని, పెట్టింది చాటుకోకూడదని పూర్వం పెద్దలు రాశారట. ఇన్నాళ్లూ ముందు తన వాటా తీసుకున్నాకే జీతాలిచ్చిన సంగతి గుర్తొచ్చి ఆయనకు ముద్ద దిగలేదు.

"ఇవాళే జీతాలిచ్చేస్తా," అన్నాడు భార్యతో.

"నెల సగం కూడా కాలేదు కదండీ!"

"ధర్మానికి తారీకులుంటాయటే?"

లాండ్రీకి వెళ్లగానే ఇస్త్రీ చేసే పెద్దాయన చేతిలో కవరు పెట్టాడు.

"ఇప్పుడు జీతమేంటి అయ్యగారూ?"

"ఏమీ అడక్కు. ఉంచుకో." తన మంచితనానికి తనకే కళ్లు చెమర్చాయి. బట్టలుతికే ఆవిడకూ తడి కళ్లతోనే ఇచ్చి, గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

"అయిపోయింది చెల్లెమ్మా. కొట్టు మూసేస్తున్నాడు," అన్నాడు పెద్దాయన.

"అయ్యో! నిన్న సబ్బుపొడి కూడా అప్పు తెచ్చాడన్నయ్యా!" ఆమె ముక్కు చీదుకుంటూ వదినకు ఫోన్ చేసింది. ఆ వదిన నోట్లో నువ్వుగింజ నానదు.

కాసేపటికే లాండ్రీ ముందు జనం పోగయ్యారు. "మా ఆయన కోటు తడిగా ఉన్నా ఫర్లేదు, ఇచ్చెయ్యండి!" అని ఒకావిడ. ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకుని ఇద్దరు. ఇంతలో కొట్టు అద్దెకిచ్చినాయన కూడా దిగాడు. ఆయన వెంట వచ్చిన మనిషి, ఎవరినీ పలకరించకుండా, టేపు తీసి గోడ కొలవసాగాడు.

యజమాని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. "మూయట్లేదు మహాప్రభో! ధర్మం చేశానంతే!"

"పాపం, పరువు కోసం ఎలా దాచుకుంటున్నాడో!" అంది కోటావిడ.

పెద్దాయన ఇస్త్రీ ఆపి వచ్చి, రెండు కవర్లూ బల్ల మీద పెట్టాడు. "ముందు మీ ఇల్లు గడవనీండి అయ్యగారూ. మా సంగతి తర్వాత."

"తీసుకోవయ్యా బాబూ!"

"చచ్చినా తీసుకోం."

అప్పుడే గుప్పుమని మాడు వాసన వచ్చింది. పెద్దాయన వదిలేసి వచ్చిన ఇస్త్రీపెట్టె కింద తెల్ల చొక్కా పొగలు కక్కుతోంది. యజమాని ధర్మం, శాంతం అన్నీ మరిచిపోయాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? వచ్చే నెల జీతంలో కోసేస్తా, ఏమనుకున్నావో!"

అందరూ ఆయనకేసి తిరిగారు.

"వచ్చే నెల జీతమా?" అని మెల్లగా అడిగింది ఉతికే ఆవిడ.

"కాక? ఊరికే వదుల్తాననుకున్నారా?"

పెద్దాయన ముఖం చాటంతయింది. కవర్లు చకచకా కొంగులోకి, జేబులోకి వెళ్లిపోయాయి. కోటావిడ తడి కోటు మళ్లీ బల్ల మీద పడేసింది. గోడ దగ్గరి మనిషి టేపు చుట్టేశాడు.

"ఇచ్చేటప్పుడే నాలుగు తిట్టి ఇస్తే ఈ గోలంతా ఉండేది కాదు కదా అయ్యగారూ!" అన్నాడు పెద్దాయన.

పెద్దలు ఆ ఒక్క ముక్కా రాయడం మరిచిపోయారు.