పదకొండు వేల ఏళ్ల మిఠాయి

ఆ ఉదయం కుజుమి పెట్టుకున్న పనులు రెండే. సముద్రం అడుగు నుంచి తెచ్చిన నల్లబురద ముక్కను వయసు తేల్చే ప్రయోగశాలకు పంపాలి. నడివేసవి కానుకగా డైరెక్టర్ ఒనోదెరా గారికి యోకాన్ పంపాలి. ఖర్మేమిటంటే, కనజవాలో దొరికే ఆ చిక్కుడుగింజల మిఠాయి కూడా నల్లగా, ఇటుకలాగే ఉంటుంది.

ఒకప్పుడు జపాన్ సముద్రపు అడుగున ప్రాణవాయువు కరువై, చచ్చిన జీవాలు కుళ్లి మాయమవకుండా పేరుకుపోయిన బురద అది. దాని వయసు పదకొండు వేల ఏళ్లని తేలితేనే కుజుమి మాట నెగ్గుతుంది, వచ్చే ఏడు మళ్లీ సముద్ర పరిశోధన ఓడ ఎక్కనిస్తారు. ఉన్నది ఆ ఒక్క ముక్కే.

"బురదని పాత యోకాన్ పెట్టెలో పెట్టారేమిటండీ?" అంది గుమాస్తా హిగాకి.

"అచ్చు సరిపోయిందమ్మా. మంచి పెట్టెలు పారేసే వంశం కాదు మాది."

"రెండూ ఒకేలా ఉన్నాయి, జాగ్రత్తండీ."

"ఇరవై ఏళ్లుగా బురదతో కాపురం చేస్తున్నా. నేను పొరబడతానా?" అంటూ కుజుమి స్వయంగా చిరునామాలు అంటించాడు.

మూడు వారాలకు ప్రయోగశాల నుంచి ఫోన్ వచ్చింది. "మీ బురద వయసు ఏడాది కూడా దాటలేదండీ."

"మీ యంత్రం చెడిపోయుంటుంది!"

"కావచ్చండీ. కానీ మిగిలిన ముక్కకి చీమలు పట్టాయి."

కొంప మునిగిందని కుజుమి డైరెక్టర్ గదికి పరిగెత్తాడు.

"ఆ యోకానా! అమోఘమయ్యా. నేనూ మా ఆవిడా పోటీపడి తిన్నాం," అన్నాడు ఒనోదెరా.

"అయ్యో, అది సముద్రపు బురదండీ! పదండి ఆసుపత్రికి!"

ఒనోదెరా ముఖం ఎర్రబడింది. "అబ్బే... పెట్టె విప్పనేలేదయ్యా. మా డాక్టరు గారికి ఇచ్చేశాను."

డాక్టరు నినోమియా "నోట్లో వెన్నలా కరిగిందండీ" అన్నాడు. బురద అనగానే నీళ్లు నమిలి, పూల అలంకరణ నేర్పే త్సుజి టీచరు పేరు చెప్పాడు. ఆవిడా లొట్టలేసింది. నిజం తెలిశాక, కుజుమి పేరు విని మరీ ఇబ్బందిపడి, "ఒక శిష్యురాలికి ఇచ్చేశానండీ. ఎవరని మాత్రం అడక్కండి, బావుండదు," అని తలుపేసుకుంది.

ఇక ఓడా లేదు, సముద్రమూ లేదనుకుని కుజుమి కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. బల్లమీద పెట్టె ఉంది. తను వేసిన ముడి వేసినట్టే ఉంది.

"మా పూల టీచరు పంపారండీ," అంది భార్య చిజురు. "ఎవరికి ఇచ్చేద్దామా అని చూస్తున్నా. చాలా రుచిగా ఉందని ఉత్తరం మాత్రం నిన్ననే రాసి పడేశాను."

బురద వయసు పదకొండు వేల రెండు వందల ఏళ్లని తేలింది. కుజుమికి ఓడ దక్కింది. రుచి సంగతి మాత్రం నలుగురు పెద్దమనుషులు ముందే ధ్రువీకరించారు.