మధ్యధరా ఒడ్డున మా దిగుడుబావి

పావగడ తాలూకాలోని ప్రతి రైతూ బతికుండగా ఒక్కసారైనా మధ్యధరా సముద్రం చూసి తీరాలి. చూడనివాళ్ళకు రేషన్ కార్డు ఆపేయాలి. దీన్ని వెంటనే చట్టం చేయాలని పెద్దలందరినీ చేతులు జోడించి వేడుకుంటున్నాను.

నవ్వకండి! నేను వెళ్ళొచ్చినవాణ్ణి. నా పేరు నారప్ప, మాది బలసముద్రం. ఏడేళ్ళ కిందటిదాకా వేరుశనగ రైతును. ఇప్పుడు నా పొలంలో సోలార్ పలకలు ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళకు లీజుకిచ్చేశాను. విత్తనం లేదు, కలుపు లేదు, వాన కోసం ఆకాశం కేసి చూసే పని లేదు. పొద్దున లేచి హోటల్లో కాఫీ తాగడం, అరుగు మీద కూర్చోవడం, మళ్ళీ హోటల్‌కు పోవడం. ఇంతకన్నా సుఖం ఏ రాజుకుంది చెప్పండి? ఆ సుఖం పడలేకే తొమ్మిది రోజుల ప్యాకేజీ టూరుకు పేరు రాయించాను, నాదీ మా ఆవిడ హనుమక్కదీ.

టర్కీ దేశంలో సముద్రం ఒడ్డున చిన్న పట్నం. దాని పేరు నా నోరు తిరగదు. టూరు మేనేజరు ఆనంద్‌కుమార్‌ది తుమకూరు. బస్సు ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి మా పదకొండు మందినీ వేలు చూపించి లెక్కపెట్టేవాడు. చిన్నప్పుడు నేనూ గొర్రెలు కాసినవాణ్ణే. గొర్రె వైపు నుంచి ఆ పని ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. విదేశీయానం వల్ల విజ్ఞానం పెరుగుతుందంటే ఇదే కదా!

ముందు బీచి సంగతి. అక్కడ ఎండలో పడుకోవడానికి కుర్చీకి అద్దె కట్టాలి. అవును, ఎండకే! దొరలూ దొరసానులూ ఒంటికి నూనె రాసుకుని, ఒకవైపు కాలాక రెండోవైపు తిరుగుతారు. హనుమక్క పెనం మీద రొట్టె కాల్చేదీ అలాగే. ఆ ఎండ సరుకు మా తాలూకాలో అరవై ఏళ్ళుగా ఊరికే దొరుకుతుంటే, విలువ తెలియక తలకు తుండు చుట్టుకుని తప్పించుకు తిరిగాను. సోలార్ కంపెనీవాళ్ళు వచ్చి చెప్పేదాకా అది అమ్ముడుపోతుందని నాకేం తెలుసు?

తర్వాత డైవింగు. వీపుకు సిలిండరు కట్టి, మూతికి గొట్టం పెట్టి, నీళ్ళలోకి దించుతారు. ఈత వచ్చా అని అడిగాడు ఆనంద్‌కుమార్. నన్నా అడిగేది? ఆరేళ్ళప్పుడే నడుముకు బెండ్లు కట్టి మా నాయన నన్ను బావిలోకి తోసేశాడు. ఆ ధైర్యంతోనే మునిగాను. గొట్టం జారింది. ఒక గుక్క మింగాను. ఉప్పు! కంటికి ఆనినంత దూరం నీళ్ళే, ఒక్క సాలు తడపడానికి పనికిరావు. ఆ దేశం మీద కాదు గానీ సముద్రం మీద నిజంగా కోపం వచ్చింది. నాలుగు నిమిషాల్లో నన్ను పైకి లాగేశారు. ఫొటోలో మాత్రం చేపలకు ఏదో బుద్ధి చెబుతున్నవాడిలా ఉన్నాను.

ఐదో రోజు శిథిలాలు చూపించారు. టికెట్టు కొని గేటు దాటాం. కొండవాలున రాతి మెట్లు, సగం చందమామ ఆకారంలో, పైనుంచి కిందికి వరస కింద వరస. రెండు వేల ఏళ్ళ నాటివట. అందరూ ఫోన్లు తీశారు. నేను వెంటనే తీయలేదు. చూడగానే నాకు అదేమిటో తెలిసిపోయింది. గబగబా మెట్లన్నీ దిగి అడుగుకు చేరాను. గుండ్రటి బయలు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తడిమాను. చెమ్మ లేదు.

"ఏమప్పా ఆనంద్‌కుమారూ!" అని కిందనుంచి కేకేశాను. "ఇంత పెద్ద బాయిని పూడిపోనిచ్చినారే! పూడు తీసే దిక్కు లేకపాయెనా వీండ్లకి? ఊట యాడుండాది?"

ఆనంద్‌కుమార్ మెట్టు మీద కూలబడి నవ్వాడు. "ఇది బాయి కాదు నారప్పన్నా, నాటకాలాడే చోటు. జనం మెట్ల మింద కూచుంటాండ్రి. నువ్వు నిలబడుకోనుండే కాడ వేషగాండ్లు ఆడ్తాండ్రి."

ఆ కట్టడం గొప్పతనం ఏమిటంటే, అడుగున గుసగుసలాడినా చిట్టచివరి మెట్టుకు వినబడుతుందట. నేను కేకే వేశాను. నాలుగైదు దేశాలవాళ్ళు ఫోన్లు దించి నన్నే చూశారు. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఇన్ని వందల ఏళ్ళలో ఆ రంగస్థలం మీద పూడిక గురించి తెలుగులో మాట్లాడిన నటుడు మరొకడు ఉండడు. ఈ ఘనత నా తాలూకాకే అంకితం!

హనుమక్క మాత్రం నవ్వలేదు. నా వెనకే దిగి వచ్చింది. చేతిసంచిలోంచి పసుపు కుంకుమ పొట్లాలు తీసింది. అట్టడుగు మెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు శనక్కాయలు పక్కన పెట్టి దండం పెట్టుకుంది.

"ఏందిమే ఇది? బాయి కాదంటాండారు గదా!"

"కాకపోతే కాకపోనీ. మన బాయికి బొట్టు పెట్టి ఏడేండ్లాయె. యాడో ఒక తావ పెట్టనీప్పా."

అక్కడి కావలివాడు నోట్లో విజిల్ పెట్టుకుని వచ్చాడు. రాతి మీద పసుపు చూశాడు. ఆమె ముఖం చూశాడు. విజిల్ ఊదకుండానే తల పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మీకు అసలు సంగతి చెప్పాలి. మా పొలంలో దిగుడుబావి ఉంది. మా తాత తవ్వించింది, ముప్ఫై రెండు మెట్లు. ఏటా వేరుశనగ వేసేముందు ఇంటి ఇల్లాలు మొదటి మెట్టుకు బొట్టు పెట్టి, గంగమ్మకు మొక్కి, ఆ తర్వాతే విత్తనాల మూట విప్పాలి. లీజు రోజుల్లో సర్వేవాళ్ళు వచ్చి, బావిని లీజుకు బయట వదిలేయమంటారా అని అడిగారు. అబద్ధమెందుకు, మర్యాదగానే అడిగారు. "ఎండిపోయిన బాయి సామీ, దాన్నేం జేసుకుంటాము? కలుపుకోండి" అన్నదెవరు? నేనే! ఆ నాలుగు గుంటల నేలకు కూడా లీజు వస్తుంది కదా అని. ఇంట్లో ఒక్క మాటయినా అడిగానా? అడగలేదు. ఇప్పుడది కంచె లోపల, పలకల వరసల మధ్య ఉంది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, నా ఫోన్లోని నాలుగు వందల ఫొటోలూ హనుమక్క ఓపిగ్గా చూసింది. "మంది రాళ్ళన్నీ ఉండాయి. మన బాయిది ఒక్కటన్నా ఉండాదా?" అంది.

లేదు. సరే, తీసుకొద్దాం పదమని ఇద్దరం సోలార్ పార్కు గేటుకు నడిచాం. గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో భరత్‌కుమార్ ఉన్నాడు. మా ఊరివాడే, ఇద్దరు బిడ్డల తండ్రి. వాళ్ళ గొర్రెలన్నీ ఒకప్పుడు మా బావి నీళ్ళు తాగినవే.

"లెటర్ ఉండాదా పెద్దప్పా?"

"నా బాయి సూసేదానికి నాకు లెటరా?"

"నన్నేం జేయమంటావు? లోపలంతా కరెంటు. ఎవర్నన్నా వదిల్తే నా పని పోతాది."

హనుమక్క కంచె పట్టుకుని అంది. "ఆ దేశంలో కావలోడు నన్ను ఏమీ అన్లేదు తెల్సునా భరతా?"

"ఆడ టికెట్ ఉంటాది పెద్దమ్మా. ఈడ అది గూడా లేదు."

విన్నారా? ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే అంటున్నాను, ప్రతి రైతూ ఆ సముద్రం చూసి రావాలని. ఎవరివో రెండు వేల ఏళ్ళ మెట్లు ఎవరైనా దిగొచ్చు. మన మెట్లు మనం దిగాలంటే, అవి శిథిలాలని ముందు ఎవరో ఒప్పుకోవాలి. అందాకా ఆగడానికి నాకేం తొందర? లీజు ఇంకా ఇరవై ఒక్క ఏళ్ళే ఉంది. అప్పటికి నాకు ఎనభై మూడు. ముప్ఫై రెండు మెట్లు ఇట్టే దిగేస్తాను!

హనుమక్క సంచిలోంచి పొట్లం తీసి, కంచె స్తంభానికే పసుపు రాసి బొట్టు పెట్టింది. భరత్‌కుమార్ చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు.

అయ్యా, అధికారులూ! మా బావి చుట్టూ తాడు కట్టండి, విజిల్ వేసే మనిషిని పెట్టండి, టికెట్టు పెట్టండి. మొదటి రెండు టికెట్లూ నేనే కొంటాను. ఒకటి హనుమక్కకు. రెండోది, "కలుపుకోండి" అన్న ఆ పెద్దమనిషికి.