జాలిదొడ్డి జనాభా

1951లో దేశమంతటా జనాన్ని లెక్కపెట్టారు. ఆదోని తాలూకా జాలిదొడ్డిలో ఆ పని ఒక్క పూటలో, ఒక్క తప్పూ లేకుండా ముగిసింది.

ఆ ఊరికి బావి లేదు. అయిదు వందల జనాభా దాటిన ఊరికే ప్రభుత్వ బావి అని బావుల మంజూరు ఆఫీసువారు ప్రకటించి ఉన్నారు. అందువల్ల ఆ లెక్క కోసం అందరికంటే ఎక్కువగా భీమక్క ఎదురుచూసింది. కాపురానికి వచ్చిన పదహారేళ్లుగా ఆమె తెల్లారకముందే కడవ ఎత్తుకుని, రెండు మైళ్ల అవతలి వంకకు పోయి, ఇసుకలో చెలమ తోడి, నీళ్లు ఊరేదాకా కూచుని, ఎండ ముదిరాక ఇల్లు చేరేది. ఊళ్లో ఆడవాళ్లందరిదీ అదే ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు.

లెక్కకు వచ్చిన కేశవులు మాస్టరు నియమం తప్పని మనిషి. ఇంట్లో కంటికి కనబడినవాళ్లనే రాయాలని ఆయనకు ఉత్తర్వు. ఉదయం ఎనిమిదింటికి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, నాలుగు వందల పన్నెండు మందిని రాసుకుని, చావడిలో మగవాళ్లను "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బాగా ఆలోచించి, "అంతే సార్, అందరం ఈడే ఉన్నాం" అన్నారు. భీమక్క మొగుడు నరసప్ప కూడా తల ఊపాడు.

బస్సు కోసం పోతున్న మాస్టరుకు దారిలో కడవల వరస ఎదురైంది.

"మమ్మల్ని రాసుకున్నావా సారూ?" భీమక్క అడిగింది.

"మీరు ఇంట్లో లేరు కదమ్మా."

"ఇంటికాడ నీళ్లుంటే ఇంట్లోనే ఉందుము గదప్పా."

మాస్టరు దయగలవాడు. అక్కడే ఒక బండ మీద కూచుని, నూట ముప్పై మందినీ పేరుపేరునా రాసుకున్నాడు. ఇల్లూవాకిలీ లేనివాళ్లకు విడిగా ఒక ఫారం ఉంది, అందులో రాశాడు. జాలిదొడ్డి జనాభా నాలుగు వందల పన్నెండు. దేశదిమ్మరులు నూట ముప్పై, కడవలతో సహా.

బావి రాలేదు. భీమక్క ఆదోనికి నడిచిపోయి బావుల ఆఫీసులో అర్జీ ఇచ్చింది. మూడు నెలలకు ఆఫీసరు రంగనాథంగారు జీపులో స్వయంగా విచారణకు దయచేశారు.

"స్వతంత్ర భారతంలో ప్రతి ప్రాణీ లెక్కలోకి వస్తుంది" అని చావడిలో ఉపన్యసించారు. "స్త్రీ గృహానికి దీపం. ఏ ఇంటి స్త్రీ అయినా పగటిపూట ఇంట్లోనే ఉంటుందని ఆ ఇంటి యజమాని వేలిముద్ర వేస్తే, ఈ క్షణమే ఆమెను జనాభాలో చేరుస్తాను."

భీమక్క మొగుడి వైపు చూసింది. ఒక్క అబద్ధం చాలు, మిగతా ఇళ్లూ దాని వెంటే వస్తాయి. కానీ నరసప్ప నిజాయితీపరుడు.

"యాడుంటాది సార్ ఇంట్లో. నీళ్లకు పోతాది. నేను వేలిముద్రేస్తే దొంగసాక్ష్యమైతాది."

మిగతా యజమానులు ఆ నిజాయితీని మెచ్చుకుని తామూ వేయలేదు. "తాగేటప్పుడు యాడి నీళ్లని అడగవే" అంది భీమక్క మెల్లగా. అది రికార్డుకు ఎక్కదగిన మాట కాదు గనుక ఎక్కలేదు.

ఎండకు ఆఫీసరుగారికి దాహమైంది. నరసప్ప పరుగున పోయి, ఆమె పొద్దున తెచ్చిన కడవ ఎత్తుకొచ్చాడు. ఆఫీసరుగారు రెండు చెంబులు తాగారు, బంట్రోతు రెండు, జీపు నాలుగు. అడుగున మిగిలింది పెద్దలు పంచుకున్నారు. ఆఫీసరుగారు మూతి తుడుచుకుని, అక్కడికక్కడే నివేదిక రాశారు: "గ్రామంలో నీరు తియ్యగా ఉంది. అడిగిన వెంటనే దొరికింది. బావి అవసరం కనబడలేదు."

కింద సాక్షులుగా యజమానులందరూ వేలిముద్రలు వేశారు. నీళ్లు తియ్యగా ఉన్న మాట నిజమే కదా.