ఉషారాణి గారి ధ్రువీకృత ఆదివారం

సోమరితనానికి రసీదు ఇచ్చే తొలి వ్యవస్థ భూమి మీద ఎక్కడ వెలసిందని రేపటి చరిత్రకారులు తప్పక అడుగుతారు. వారు శ్రమపడనవసరం లేదు. అది నెల్లూరు తీరాన, కోట అనే ఊళ్లో, మే నెలలో ఒక ఆదివారం నాడు ఎలాంటి లోపమూ లేకుండా అమలయింది.

దాని పూర్తి పేరు ‘సృజనశీలుర వారాంత విశ్రాంతి ధ్రువీకరణ విధానం’. (ఈ పేరును ఒక్క ఊపిరిలో పలకగలిగిన వారిని గాయకులుగా నమోదు చేయవచ్చునని నిబంధనల్లో లేదు. ఉండవలసింది.) గొప్ప కథలూ గొప్ప బొమ్మలూ వాటి కర్తలు ఊరికే కూర్చున్న వేళలోనే పుట్టాయని ఒక కమిటీ కనుగొన్నది. కనుక ఊరికే కూర్చోగలవారే సృజనశీలురు. కనుక కూర్చున్నట్లు రుజువు కావాలి. ఈ మూడు వాక్యాల మధ్య ఎక్కడ ఆగి ప్రశ్నించవలసి ఉన్నదో కమిటీకి తోచలేదు. అప్పటికి భోజనాలు వచ్చాయి.

రుజువు కోసం ‘తీరిక’ అనే యాప్ తయారయింది. ఆదివారం ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి వరకు ఆరుసార్లు గంట మోగుతుంది. మోగిన ప్రతిసారీ దరఖాస్తుదారు నిర్ణీత విశ్రాంతిలో ఉన్న ఫోటో పంపాలి. ఏడింటికి తొందర లేని కాఫీ. తొమ్మిదింటికి పాత పుస్తకం పుటలు తిప్పుట (చదువుట కాదు). పదకొండింటికి పరధ్యానం. ఒంటిగంటకు కునుకు. నాలుగింటికి మొక్కల వైపు చూచుట. అయిదున్నరకు ఏకాంతంగా సముద్ర దర్శనం. సముద్రం లేని బుచ్చిరెడ్డిపాలెం వారికి వరిచేను, తడ వారికి ఫ్యాక్టరీ ప్రహరీగోడ ప్రత్యామ్నాయాలుగా అనుమతించబడ్డాయి.

నాలుగో నిబంధన అన్నిటికంటె ముఖ్యమైనది. విశ్రాంతి వేళలో దరఖాస్తుదారు రాయరాదు, గీయరాదు, పాడరాదు. అది పని కిందికి వస్తుంది.

ఇదంతా ఉషారాణి గారికి ఎందుకంటే, ఈ ఏడు జిల్లా కథల సంకలనానికి సృజనశీలి కార్డు ఉన్నవారి కథలే తీసుకుంటారు. కథ చేరవలసిన గడువు సోమవారం ఉదయం పది గంటలు. కార్డు రావలసిన గడువు అంతకు ముందరి రోజు, అనగా ఆ ఆదివారం.

ఆమె వయసు అరవై మూడు. సబ్ పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క గడి ఖాళీగా ఉన్న ఫారాన్ని ఆమె కౌంటరు దాటనీయలేదు. ఎదుటివారి ఫారమైతే వేలితో గడి చూపి వెనక్కి తోసేది. తనదైతే నిజం రాసేది. ఈ రెండో అలవాటు వల్లనే ఆమెకు ఈ కష్టం వచ్చింది.

ఉద్యోగం చేసిన రోజుల్లో ఆమెకు దొరికిన తీరిక ఆదివారం చేపలు తోమే రెండు గంటలే. పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంటే, పొలుసు రాలే చప్పుడులో కథ దానంతటది నడిచేది. ఆఖరి వాక్యం దొరికేదాకా కాగితం ముట్టుకునేది కాదు. దొరికిన రోజు పులుసు పొయ్యి మీద పెట్టి, కథ మొత్తం ఒక్క బిగిన రాసేసేది. పులుసూ కథా రెండూ తెల్లవారేదాకా కదిలించకుండా ఉంచి, సోమవారం రుచి చూసేది. ఇలా పదకొండు కథలు అచ్చయ్యాయి.

పన్నెండోది తలలో నాలుగు వారాలుగా ఉన్నది. ఇరవై ఏళ్లు ఎస్టీడీ బూత్ నడిపి, ఊరందరి మాటల్లో సగం సగం విన్న ఒక స్త్రీ కథ. బూత్ మూసేసిన రోజు, తాళం వేశాక లోపల ఫోన్ మోగుతుంది. ఆమె తాళం తీసి, రిసీవరు ఎత్తి, ఒక మాట అంటుంది. ఆ మాట ఏమిటో ఉషారాణికి ఇంకా తెలియలేదు.

కిందటి ఆదివారం ఆమె మొదటిసారి దరఖాస్తు చేసింది. ‘ఉదయం 8 నుండి 10 వరకు ఏమి చేసెదరు’ అన్న గడిలో, నిజం రాసే అలవాటు కొద్దీ, ‘చేపలు తోముచు కథ ఆలోచించెదను’ అని రాసింది. పదిహేను నిమిషాలలో తిరస్కరణ వచ్చింది. దాని వెనుకనే, ఆమె దరఖాస్తును మత్స్య విభాగానికి బదిలీ చేశామనీ, వల మంజూరుకు కొలతలు పంపవలసిందనీ రెండో సందేశం వచ్చింది. ఆమె చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివింది. అక్షరదోషాలు లేవు. అదొక్కటే ఆమెకు దొరికిన ఓదార్పు.

ఎదురింటి గిరిబాబు రొయ్యల మేత డీలరు. అతనికి అప్పటికే కార్డు వచ్చింది.

"నీది ఇంకా కాలేదా అక్కా?" అన్నాడు గేటు మీద చేతులాన్చి. "నాకు ‘ఏ’ గ్రేడు ఇచ్చినారు. చిత్రకారుడు అని వేసినారు."

"నువ్వు బొమ్మలు ఎప్పుడు వేసినావు గిరీ?"

"వెయ్యనక్కా. అందుకే గదా ‘ఏ’ గ్రేడు." అతను నిజంగానే జాలిపడ్డాడు. "నువ్వు అన్నీ ఉన్నదున్నట్టు రాస్తావు. అట్టా రాస్తే ఎట్టా? ఉయ్యాల్లో కూసో, మీదికి చూడు, ఫోటో కొట్టు. అంతే. ఈ ఒక్క వారం చేపల్ని మరిచిపో."

ఉషారాణి జీవితంలో మొదటిసారి ఒక డీలరు సలహా పాటించింది.

ఆ ఆదివారం ఏడింటికి తొందర లేని కాఫీ తాగింది. (మొదటి ఫోటోలో గ్లాసులో ఆవిరి కనిపించలేదని తిప్పి పంపితే, తొందరగా మళ్లీ కాచి, తొందర లేకుండా తాగింది.) ఎనిమిదిన్నరకు చేపల మాలకొండమ్మ గంప దించింది. ఇరవై ఏళ్లుగా ఆ గుమ్మం ముందు చేపలు తూచి ఇచ్చి పోవడమే గాని, ఆమె ఎన్నడూ తోమి ఇచ్చింది లేదు.

"కానాగంతలు తెచ్చినా పోస్టమ్మా. కళ్లు చూడు, నిన్ను గుర్తుపడతావుండాయి."

"తీసుకుంటా. నువ్వే తోమి ఇయ్యి మాలకొండమ్మా. కత్తిపీట పెరట్లో ఉంది."

మాలకొండమ్మ గంప మీది నుంచి తలెత్తింది. "చెయ్యి గాని నొప్పా?"

"లేదు. ఈరోజు నాకు తీరిక."

"తీరికైతే నువ్వే తోముకోవచ్చు గదా?"

ఈ ప్రశ్నకు విధానంలో జవాబు లేదు. కమిటీలో మాలకొండమ్మ వంటివారు ఒక్కరూ లేకపోవడమే దానికి కారణమై ఉండాలి.

తొమ్మిదింటికి పాత పుస్తకం పుటలు తిప్పుతుండగా, పరిశీలకురాలు బిందు స్కూటీ దిగింది. ఒకసారి తిరస్కరణకు గురైన వారి విశ్రాంతిని స్వయంగా చూసి రావడం ఆమె ఉద్యోగం. ముప్పై దాటని వయసు, మెడలో గుర్తింపు కార్డు, చెమటకు అతుక్కున్న ముంగురులు.

"మీరు మామూలుగా ఉండండి మేడమ్. నేను లేననుకోండి," అని చెప్పి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

పదకొండు కావస్తున్నది. ఉషారాణి వరండాలో ఉయ్యాల మీద, ఒడిలో రెండు చేతులు పెట్టుకుని పరధ్యానానికి సిద్ధమయింది. పనిలేని తన చేతులను ఆమె అంతసేపు చూడడం అదే మొదలు. అవి ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువుల్లా ఉన్నాయి.

అప్పుడు పెరట్లో నుంచి చప్పుడు వినిపించింది. మిగతా వీధులు తిరిగి వచ్చిన మాలకొండమ్మ బండ మీద చేపను రుద్దుతున్నది. కరకర, ఆగడం, నీళ్లు, మళ్లీ కరకర. ఉషారాణి వేళ్లు ఒడిలోనే కదిలాయి. మూసిన బూత్ కనిపించింది. తాళం తిరిగింది. రిసీవరు లేచింది. ఆ స్త్రీ నోరు తెరిచింది, ఏడే ఏడు మాటల వాక్యం ఒకటి, నాలుగు వారాలుగా రానిది, ఆ చప్పుడు వెంటే వచ్చి నిలుచున్నది.

గంట మోగింది.

"మేడమ్, ఆలోచిస్తావుండారు," అంది బిందు ఫోను ఎత్తి పట్టుకుని.

"పరధ్యానమంటే అదేనమ్మా."

"కాదు మేడమ్. ఆలోచన మానసిక శ్రమ కింద పడతాది. యాప్ నుదురు చూస్తాది. మీ నుదుటి మీద మూడు గీతలు వస్తావుండాయి. ఒకటిదాకా పర్లేదు."

"ఒక్క నిమిషం ఆగమ్మా. ఒక వాక్యం..."

"రాస్తారా?" బిందు నిజంగానే భయపడింది. "రాయబాకండి మేడమ్! నాలుగో నిబంధన. నేను చూసినట్టు రాయాల్సి వస్తాది. ముఖం వదులు చెయ్యండి. ఇంకొంచెం. చేపల వాసన గుర్తు చేసుకోబాకండి. కళ్లు అట్టా దూరంగా పెట్టండి. ఆ, గిరిబాబుగారి ట్యాంకు మీదికి చూడండి."

ఉషారాణి గిరిబాబు ట్యాంకు మీదికి చూసింది. అది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. దాని మీద ఒక కాకి ఉన్నది. కాకి కూడా దేని గురించీ ఆలోచించడం లేదు. నాలుగో ప్రయత్నానికి నుదుటి మీద ఒక్క గీత మిగిలింది. యాప్‌లో పచ్చదీపం వెలిగింది.

"సూపర్ మేడమ్. ఇప్పుడు మీ ముఖంలో ఏమీ లేదు," అంది బిందు.

అది అక్షరాలా నిజం. వాక్యంలో మొదటి రెండు మాటలు మాత్రం మిగిలాయి. అవి ‘ఆ, చెప్పండి’. ప్రపంచంలో ఏ బూత్‌లోనైనా ఎవరైనా అనే మాటలు.

ఉషారాణి లేచి పెరట్లోకి నడిచింది. నడిచిందని రాయడం మర్యాద కోసం. మాలకొండమ్మ కత్తిపీట కడుగుతున్నది. దాకలో ముక్కలు ఉప్పూ పసుపూ పట్టి తళతళలాడుతున్నాయి.

"ఒక్కటి కూడా మిగల్చలేదా మాలకొండమ్మా?"

"మిగల్చేదానికి నేనేమన్నా ఆఫీసుదాన్నా? పని పట్టుకుంటే అయిపోవాల్సిందే." మాలకొండమ్మ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏంది పోస్టమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నావా? బండ కింద గాని పడిందా? చూద్దామా?"

"బండ కింద లేదులే."

ఒంటిగంటకు ఆమె కునుకు తీస్తున్నట్లు కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల వెనుక బూత్ తలుపు వెయ్యిసార్లు తెరుచుకుంది. ఆ స్త్రీ వెయ్యిసార్లు ‘ఆ, చెప్పండి’ అని ఆగిపోయింది. కునుకు ప్రశాంతంగా సాగినట్లు యాప్ నమోదు చేసుకున్నది. నాలుగింటికి మొక్కల వైపు చూసింది.

అయిదున్నర సముద్ర దర్శనానికి బిందు తన స్కూటీ మీదనే తీసుకుపోయింది. ఏకాంతం ఫోటోలలో స్పష్టంగా కనిపించేందుకు ధ్రువీకరణ విభాగం వారు ఒడ్డున సిమెంటు దిమ్మె ఒకటి కట్టించారు. దాని మీద ‘మౌన చింతన స్థలము – ఒకరికి మాత్రమే’ అని రాసి ఉంది. దిమ్మె వెనుక పంతొమ్మిది మంది కవులు, చిత్రకారులు, ఒక మృదంగ విద్వాంసుడు ఏకాంతం కోసం వరుసలో నిలబడి ఉన్నారు. ముందున్న కవి ఒక్క నిమిషానికి మించి ఒంటరిగా ఉన్నాడని వెనుక నుంచి కేకలు వస్తున్నాయి. ఫోటోలో వరుస పడకుండా అందరూ కుడిపక్కకు ఒదిగి నిలబడాలని గొలుసు కట్టారు.

"నీకు ఆదివారాలు సెలవు లేదా అమ్మా?" అని ఉషారాణి వరుసలో అడిగింది.

"ఈ పథకం వచ్చినాంక లేదు మేడమ్. ముందు ఆదివారాలు దుప్పట్ల మీద కుట్టుపని చేసేదాన్ని. నెమళ్లు బాగా కుడతానని అనేవాళ్లు." బిందు గడియారం చూసుకుంది. "నేను కూడా దరఖాస్తు పెట్టినా. ఆదివారం పనిలో ఉండానని కొట్టేసినారు."

తన వంతు వచ్చాక ఉషారాణి దిమ్మె ఎక్కి సముద్రాన్ని చూసింది. పచ్చదీపం వెలిగింది.

ఆరింటికి అయిదు నిమిషాల ముందు, దిమ్మె పక్కనే ఇసుకలో నిలబడి ఆమె ఆఖరి ఫారం తెరిచింది. ముప్పై గడులు యాప్ తానే నింపి ఉంచింది. ముప్పై ఒకటోది ఒక్కటే ఆమెకు వదిలింది: ‘ఈ ఆదివారము దరఖాస్తుదారు సృష్టించినది’.

ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. ‘ఒక కథ’ అని రాయాలని ఉన్నది. రాస్తే అబద్ధం. ‘ఒక కథ పోయినది’ అని రాస్తే నిజమే గాని, అడిగింది అది కాదు. గాలికి ముంగురులు ఎగురుతుంటే బిందు పక్కన నిలబడి, "టైం అయిపోతావుంది మేడమ్," అంది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, ఆ తరువాతి మూడేళ్లలో ఎన్నడూ చేయని పని ఉషారాణి అప్పుడు చేసింది. గడిని ఖాళీగా వదిలి, పంపు అన్న చోట నొక్కింది.

జవాబు ఆరు గంటలకు సరిగ్గా వచ్చింది. అక్షరదోషాలు లేవు.

‘అభినందనలు. మీరు సృజనశీలిగా ధ్రువీకరించబడినారు. గ్రేడు: ఏ. మీ దరఖాస్తులో ఏ గడియు ఖాళీగా లేదు.’