వాన కట్టేవాడి ఇంటి కప్పు

ఆ ఆదివారం పొద్దున్న కర్సా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక గ్లాసు వేడి కాఫీ తాగాలి, ఒక లవంగాల సిగరెట్టు కాల్చాలి, ఇస్త్రీ చేసిన నల్ల చొక్కా తొడుక్కుని వీధి పెద్ద రుస్వాందీ గారింటికి నడవాలి. అక్కడ పెళ్ళిపందిరి పక్కన కొబ్బరి ఈనెల చీపురును తలకిందులుగా పాతి, పుల్లలకు ఎర్ర మిరపకాయలూ చిన్నుల్లిపాయలూ గుచ్చి, తనకోసం వేసిన కుర్చీలో సాయంత్రం దాకా ఆకాశం వైపు గుర్రుగా చూస్తూ కూర్చోవాలి. మధ్యలో మేకమాంసం కూర రెండుసార్లు వస్తుంది. పెళ్ళికూతురి తండ్రి వచ్చి చేతులు పట్టుకుంటాడు. వాన కట్టేవాడి ఉద్యోగంలో పైకి కనబడే కష్టం ఇంతే.

అయితే ఆ ఉద్యోగం మా బోగోర్‌లో చెయ్యాలంటే గుండె కావాలి. ఎండ ఊళ్ళలో వాన ఎవడైనా ఆపుతాడు. మా ఊళ్ళో గొడుగు లేకుండా గడప దాటినవాణ్ణి కొత్తగా దిగినవాడనుకుంటాం. అలాంటి చోట, కర్సా ఒప్పుకున్నాడంటే చాలు, పందిరి మీద టార్పాలిన్ కూడా కప్పనివాళ్ళున్నారు. పక్క వీధివాళ్ళకు కొత్త మసీదు గుమ్మటం ఉంది, ఇంకో వీధివాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగం చేసే మనిషున్నాడు. మాకు కర్సా ఉన్నాడు. మేమేం తక్కువ తినలేదు.

పోయిన నెల ఆ పేరుకు చిల్లు పడింది. బడి వార్షికోత్సవంలో సరిగ్గా పిల్లల నాట్యం మొదలయ్యే వేళకు వాన దంచికొట్టింది. మైకులు మూగబోయాయి, హెడ్మాస్టరు గారి జుట్టు రంగు చొక్కా మీదికి దిగింది. అప్పటినుంచి అందరి నోటా పక్క ఊరు చియొమాస్ కుర్రాడి మాటే. అతను కూడా వాన కడతాడట, పైగా ఫోన్లో మబ్బుల బొమ్మ చూపిస్తాడట. కర్సా ఉండే ఇంటి యజమాని హాజీ సొబారీ గారయితే, వచ్చే నెల తన కొడుకు పెళ్ళికి ఆ కుర్రాణ్ణే పిలుద్దామని నలుగురిలోనూ అనేశారు. ఇవాళ రుస్వాందీ గారి పందిట్లో ఒక్క చుక్క పడితే, కర్సా నల్ల చొక్కా మడిచి పెట్టెలో పెట్టుకోవలసిందే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

కాఫీ గ్లాసు పెదవి దాకా వచ్చింది. టప్పున ఒక చుక్క అందులో పడింది.

కర్సా పాము మీద పడ్డట్టు పక్కకి గెంతాడు. అతని గురువు పెట్టిన నియమం ఒకటుంది. పని ఒప్పుకున్న రోజు, తెల్లవారి నమాజు నుంచి చివరి అతిథి చెయ్యి కడుక్కునేదాకా, వాన చుక్క అతని ఒంటిమీద పడకూడదు. పడిందా, కట్టు తెగినట్టే. అందుకే బయట ఎంత జాగ్రత్తగా ఉండాలో అంతా ఆలోచించుకున్నాడు. ఇంట్లో జాగ్రత్త పడాలని మాత్రం తట్టలేదు.

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి ఆగింది. కానీ పెంకుల సందుల్లోంచి దిగిన నీళ్ళు ప్లైవుడ్ సీలింగు మీద చేరి, అది నిండు గర్భిణి పొట్టలా కిందికి వేలాడుతోంది. అంచుల నుంచి ఇప్పుడొక చుక్క, అప్పుడొక చుక్క.

"చూశారా? ఇప్పుడైనా హాజీ గారితో చెప్తారా, లేదా?" అంది భార్య ఓనీ, బేసిన్లు తెచ్చి పెడుతూ.

"ఏమని చెప్పనే? వాన కట్టేవాణ్ణి, నా ఇల్లు కారుతోంది, బాగుచెయ్యండి అని చెప్పనా?"

"ఆ, అలాగే చెప్పండి. పరుపు పిండలేక నా చేతులు పడిపోతున్నాయి."

ఈ ఇంట్లో దిగిన రోజున హాజీ గారు పాపం నిజాయితీగానే అన్నారు. "పెంకులు పాతవయ్యా, మార్పించి ఇస్తాను, నెల ఆగు" అని. అప్పుడు కర్సా ఛాతీ విరుచుకుని, "ఎందుకండీ వృథా ఖర్చు? వాన సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు. సామాను దించుతున్నవాళ్ళందరూ విన్నారు. హాజీ గారు మహా సంతోషంగా వదిలేశారు. ఆ రోజు మొదలు ఓనీ బేసిన్లు కొంటూనే ఉంది.

కర్సా పెద్ద నల్ల గొడుగు తెరిచి, ముందు గది మధ్యలో స్టూలు మీద దాని కింద కూర్చున్నాడు. నల్ల చొక్కా ఉన్న పెట్టె ఎదురు గోడ దగ్గరుంది. దానికీ అతనికీ మధ్య చుక్కలు పడుతున్నాయి. గుమ్మం దారిదీ అదే పరిస్థితి. గొడుగుతో వెళ్దామంటే సామాను మధ్య సందు ఇరుకు, చుక్క పక్కనుంచి కొడుతుంది.

"ముందు బేసిన్లు ఖాళీ చెయ్యవే. చుక్కలు తగ్గాక వెళ్తాను," అన్నాడు.

ఓనీ నీళ్ళు మోసుకెళ్ళి వీధి కాలవలో పోసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోసింది. ఎదురింటి అరుగు మీద చిల్లర కొట్టు పెట్టుకున్న ఎంటిన్‌కు కళ్ళూ చెవులూ దేవుడు కాస్త ఎక్కువే ఇచ్చాడు. ఆమె అరటికాయ బజ్జీలు తిప్పడం ఆపేసింది.

"ఏంటొదినా, ఇంట్లో బావి తవ్వించారా? పొద్దుట్నుంచి మోస్తున్నావ్?"

ఓనీకి ఒళ్ళు మండింది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచింది. అంతలో తలుపు సందులోంచి మొగుడు కనబడ్డాడు. గొడుగు కాడను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ మనిషిని అలా చూశాక ఆమెకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"బావి కాదు," అంది ఓనీ గొంతు సవరించుకుని. "వాన."

"వానేంటి? వాన లేదుగా!"

"వీధిలో లేదు. ఎందుకు లేదనుకున్నావ్? ఆపిన వాన ఎక్కడికో అక్కడికి పోవాలిగా. రాత్రి నుంచీ మీ అందరి వానా మా ఇంట్లోకే దించుతున్నారాయన. అనుమానముంటే వచ్చి చూసుకో."

ఈ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఎంటిన్ బజ్జీలు నూనెలో వదిలేసి గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. తల వెనక్కి తిప్పి చూస్తే వీధంతా పొడి. ముందుకి తిప్పి చూస్తే ఇంట్లో వాన. ఆ వాన మధ్యలో గొడుగు కింద కళ్ళు మూసుకుని కర్సా. సిగ్గుతో మూసుకున్నాడు, కానీ ఆమెకు అది ధ్యానంలా కనబడింది.

"అమ్మో!" అంది ఎంటిన్. ఆమె అమ్మో అంటే వీధి చివరిదాకా వినబడుతుంది.

కాసేపట్లో గుమ్మం ముందు జనం కిటకిటలాడారు. "ఒంటిచేత్తో వీధి వానంతానా!" అని ఒకరు. "మరి బడి దగ్గర ఎందుకు కురిసిందట?" అని ఇంకొకరు. "అప్పుడు వానకి చోటు చూపించలేదు కాబోలు, ఇప్పుడు చూపించాడు," అని ఎంటిన్, ఈ విద్య తనే నేర్పినట్టు. ఒక ముసలమ్మ మోకాళ్ళ నొప్పికి ఆ నీళ్ళు ఒక సీసాడు పట్టిమ్మంది. ఒకాయనైతే ఉతికిన బట్టలు ధైర్యంగా ఆరేసి వచ్చాడు. మబ్బులు చూస్తే ఇంకా నల్లగానే ఉన్నాయి.

ఇంతలో రుస్వాందీ గారు పట్టుటోపీతో, పెళ్ళి హడావుడితో పరుగున వచ్చారు. వాన కట్టేవాడు ఇంకా రాలేదని, కంగారుపడి ఆడవాళ్ళు పెళ్ళికూతురి లోపలి బట్టలు ఇంటి కప్పు మీదికి విసిరారట. వాన ఆగడానికి ఇంటింటా చేసే చిట్కానే అది, కానీ వియ్యాలవారు వచ్చే వేళకు పైనే వేలాడుతున్నాయని ఆయన బాధ. ఇంటి లోపలికి తొంగిచూడగానే ఆయన పట్టుటోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు.

"కర్సా అన్నా," అన్నారు గద్గదంగా. "నా కూతురి పెళ్ళి వాన నువ్వు నీ ఇంట్లో పోసుకుంటున్నావా?"

"వస్తున్నానండీ, ఈ చుక్కలు కాస్త..." అంటూ కర్సా లేవబోయాడు.

"వద్దు! కదలకు. నువ్వు లేస్తే వాన ఇటు రావడం మానేసి అటొస్తుంది. ఇక్కడే ఉండు. కూర ఇక్కడికే పంపిస్తాను." రెండుసార్లు రావలసిన కూర ఆ ఉత్సాహంలో ఆ ఇంటికి ఒక్కసారి కూడా రాలేదనుకోండి, అది వేరే సంగతి.

వార్త హాజీ సొబారీ గారి చెవిన పడేసరికి ఇంకాస్త లావెక్కింది. ఊరి వానంతా ఆయన ఇంట్లో పడుతోందని చెప్పారెవరో. ఆయన లుంగీ ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి, సీలింగు పొట్ట చూసి నెత్తి పట్టుకున్నారు.

"ఏమయ్యా కర్సా! ఇది నా ఇల్లనుకున్నావా, చెరువనుకున్నావా? నీ విద్య చూపించుకోడానికి నా సీలింగే దొరికిందా?"

"హాజీ గారూ, అది కాదండీ..."

"ఏది కాదు? నలుగురూ ఉన్నారు, ఒక్క మాట చెప్పు. కప్పు దానంతటదే కారిందంటావా, తప్పు నాది, రేపే పెంకులు మార్పిస్తాను. లేదూ, వాన నువ్వే దించావంటావా, సాయంత్రానికల్లా సామాను సర్దుకో. చెప్పు."

ఓనీ గోడకు ఆనుకుని నిలబడింది. నీళ్ళలో నాని ముడతలు పడిన వేళ్ళను కొంగుతో తుడుచుకుంటోంది. కర్సా ఆ వేళ్ళ వైపు చూశాడు. ఇంతకాలం తన పేరును ఈ వీధి నిలబెట్టిందనే అనుకున్నాడు. నిలబెట్టింది ఆ వేళ్ళని అతనికి అప్పుడు తెలిసింది. పోతే పోయింది పేరు అనుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నిజంగా ధైర్యమైన పని చెయ్యబోతున్నానని అతనికే గర్వంగా అనిపించింది.

గొడుగు మూసి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "హాజీ గారూ, నిజం చెప్తాను. ఈ ఇంటి కప్పు..."

ఫెళ్ళుమంది. సీలింగు పొట్ట పగిలి, రాత్రంతా కూడబెట్టుకున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా కర్సా నెత్తినా, అందులో కొంత భాగం హాజీ గారి నెత్తినా పడ్డాయి. ఒక ఎలుక గూడూ, ఎవరిదో పాత చెప్పూ కూడా దిగాయి.

ఎవరూ నవ్వలేదు. అందరికీ నియమం తెలుసు. కట్టు తెగింది. సరిగ్గా అప్పుడే ఆకాశంలో పెద్ద ఉరుము ఉరిమింది. రుస్వాందీ గారు నేలమీద కూలబడ్డారు. అందరూ వీధిలోకొచ్చి, తలలెత్తి, పడబోయే మొదటి చుక్క కోసం చూశారు.

చూశారు, చూశారు. మెడలు నొప్పెట్టాయి. మబ్బు మెల్లగా దక్షిణానికి జరిగింది. దాని వెనకనుంచి ఎండ వచ్చి, పెళ్ళిపందిరి మీదా, కప్పు మీద ఇంకా వేలాడుతున్న పెళ్ళికూతురి బట్టల మీదా పడింది.

"చియొమాస్‌లో కుండపోతట!" అని అరిచింది ఎంటిన్ ఫోను చెవికి పెట్టుకుని. "మా చెల్లెలు చెప్తోంది! ఆ కుర్రాడు వాన కట్టడానికొచ్చిన పందిరే కొట్టుకుపోయిందట!"

వెంటనే ఓనీ గుమ్మంలో నిలబడి, నడుముమీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా అంది. "చూశారుగా. మీ పెళ్ళి మీద పడాల్సింది మా ఆయన నెత్తిన పడింది. కట్టు తెగుతుందని తెలిసే గొడుగు మూశారు. ఇలాంటివాడు ఇంకొకడుంటే తీసుకురండి చూద్దాం!"

కర్సా నోరు తెరిచాడు. ఓనీ ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

ఆ పైన చెప్పేదేముంది? నీళ్ళోడుతున్న కర్సాను కుర్రాళ్ళు భుజాల మీద పెళ్ళికి మోసుకెళ్ళారు. కూర రెండుసార్లు కాదు, అడిగినన్నిసార్లు వచ్చింది. వియ్యాలవారు అతనితో ఫోటో దిగారు. పక్క వీధి గుమ్మటంవాళ్ళు కూడా వచ్చి చూసి, వచ్చినదారినే వెళ్ళిపోయారు. ఆ రోజు మా వీధిలో తల వంచుకుని నడిచినవాడు లేడు. హాజీ సొబారీ గారు తడిసిన టోపీ పిండుకుంటూ నలుగురి ముందే ప్రకటించారు. "సామాను సర్దక్కర్లేదయ్యా. ఈ వారమే మనిషిని పంపించి కప్పు సంగతి చూస్తాను."

ఓనీ ఆ మాటకు కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చి బేసిన్లన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి అటకెక్కించింది. ఆ రాత్రి పొడి మూల చూసుకుని హాయిగా పడుకుంది.

హాజీ గారు మాట తప్పే మనిషి కాదు. గురువారం పొద్దున్నే పనివాడు నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. ఓనీ అతనికోసం టీ కాచి, వాకిట్లో నిలబడి మురిసిపోతూ చూసింది. కొత్త పెంకులు ఎక్కడా కనబడలేదు. ఉన్నవి మాత్రం ఒకటొకటిగా కిందికి దిగుతున్నాయి.

"బాబూ, తియ్యడమేనా? కొత్తవి ఎప్పుడు వేస్తావ్?"

"వెయ్యడమేంటి పిన్నీ?" అన్నాడు పనివాడు కిందికి వంగి. "హాజీ గారబ్బాయి పెళ్ళి వచ్చే నెలేగా. రుస్వాందీ గారి పెళ్ళికంటే మూడింతల జనం. ఈ కన్నం సరిపోదు, పెద్దది చెయ్యమన్నారు."

ఓనీ చేతిలో టీ చల్లారిపోయింది. లోపల కర్సా గొడుగు కింద స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కప్పులోంచి కనబడుతున్న ఆకాశం వైపు తలెత్తి చూశాడు.

"ఆ స్టూలు చోటు వదిలిపెట్టి తియ్యి నాయనా," అన్నాడు, "కాఫీ తాగేది అక్కడే."