చూద్దాం గారి ఫ్యూచర్ టెన్స్

మంగళవారం పొద్దున చూద్దాం గారు ఇంట్లోంచి బయలుదేరుతూ పెట్టుకున్న పని ఒక్కటే. భోజనాల వేళలోగా ఇంగ్లీషులో పది ఫ్యూచర్ టెన్స్ వాక్యాలు పైకి అనాలి. నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు ఆయనది. ఇరవై రెండేళ్లలో ఎవరికీ ఏ పనికీ తేదీ చెప్పిన పాపాన పోలేదు. పైపు పగిలినా, కుళాయి ఎండినా "చూద్దాం" అనేవాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

శుక్రవారం సెక్షన్ హెడ్ పోస్టుకి ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లీషులో. పోటీకి ఉన్నది ఒకే ఒక్కడు, స్వయానా బావమరిది. ఈయనే కాళ్లావేళ్లా పడి ఆ ఆఫీసులో వేయించిన మనిషి. వాడు పై కుర్చీలో కూర్చుని "బావగారూ, ఆ ఫైలు ఇలా పట్రండి" అంటాడని తలుచుకుంటేనే చూద్దాం గారికి ముద్ద దిగడం లేదు. భార్యతో చెప్పుకుందామంటే ఆవిడ వాడికి అక్క. చివరికి కాలేజీలో చదివే కూతురు జాలిపడి పాఠం మొదలుపెట్టింది.

"చదివితే రాదు నాన్నా. ఏం చేయబోతారో ఎదుటి మనిషితో అనాలి. విల్ పెట్టి అనండి, అంతే."

ఎదుటి మనుషులకు కౌంటరు దగ్గర కొదవేముంది? మొదట దొరికింది ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. వాళ్ల వీధిలో మూడు నెలలుగా పైపు కారుతోంది. చూద్దాం గారు గొంతు సవరించుకుని, శుక్రవారం తొమ్మిదింటికి మనిషిని పంపుతానని తప్పుల్లేకుండా ఇంగ్లీషులో అని, బల్ల కింద లెక్కకు ఒక వేలు ముడిచాడు. పంపే ఉద్దేశం ఆయనకు కలలో కూడా లేదు. పాపం, ఆవిడకేం తెలుసు? ఆ కౌంటరులో గంటతో సహా జవాబు దొరకడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుని మరీ వెళ్లింది.

బుధవారం ఆవిడ వీధంతా వచ్చింది. ఇక చూద్దాం గారికి నోరు ఆగలేదు. ఒకరికి కొత్త పైపు, ఒకరికి మూడో అంతస్తు దాకా నీళ్లు, ఒక ముసలాయనకు ఏకంగా కొత్త ట్యాంకు. అన్నీ శుక్రవారం తొమ్మిదింటికే, ఎందుకంటే ఆయన బుర్రలో ఉన్న రోజు అదొక్కటే. గురువారానికి పక్క వీధులూ కదిలాయి. హెడ్‌మిస్ట్రెస్ కౌంటరు పక్కనే కుర్చీ వేసుకుని ప్రతి వాక్యమూ నోటుపుస్తకంలోకి ఎక్కించింది. రెండు మూడు చోట్ల దిద్దింది కూడా. బావమరిది దూరం నుంచి అన్నీ చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి వాక్యాలు నూట పదమూడు తేలాయి. శుక్రవారమంటే రేపేనని అప్పుడు తట్టింది మహానుభావుడికి. ఇవన్నీ ఉత్తుత్తివేనని చెప్పబోతే, హెడ్‌మిస్ట్రెస్ రెండు చేతులూ జోడించి, ఆఫీసుకు ఇలాంటివాళ్లు ఒక్కరున్నా చాలంది. ఆయన తిన్నగా ఇంటికొచ్చి కూతురి దగ్గర కూలబడ్డాడు.

"నాతోనో అమ్మతోనో అనమన్నాను నాన్నా. జనంతో కాదు."

శుక్రవారం తొమ్మిదింటికి గేటు దగ్గర ఇసుక వేస్తే రాలని జనం, చేతుల్లో బకెట్లు. వాళ్ల మధ్యలో ఇంటర్వ్యూ చేయడానికొచ్చిన పెద్ద ఆఫీసరు కారు ఇరుక్కుపోయింది. చూద్దాం గారు ఇస్త్రీ చొక్కాలో గేటు లోపల నిలబడ్డాడు. తన బతుకు ఇక్కడితో తెల్లారిపోయిందనుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ నోటుపుస్తకం ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి, ఇవన్నీ ఎవరన్నారని అడిగాడు. రెండు వందల చేతులు ఎంతో ప్రేమగా చూద్దాం గారిని చూపించాయి.

"నేనేనండీ," అన్నాడాయన.

ఆఫీసరు జనాన్ని చూశాడు, కారును చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"ఈ క్షణం నుంచి సెక్షన్ హెడ్ ఈయనే. ఈ పుస్తకంలో ఉన్న ప్రతిదానికీ ఆయనదే పూచీ. నాకు దారివ్వండి."

కారు వెళ్లిపోయింది. ఇంటర్వ్యూ లేదు. ఒక్క ఇంగ్లీషు ముక్క అడిగిన నాథుడు లేడు. జనం చప్పట్లు కొడుతుంటే చూద్దాం గారికి ఏడుపొచ్చింది. ఆ సెక్షనుకు ఉన్నది ఇద్దరే పనివాళ్లు, అందులో ఒకడు నెలాఖరు దాకా సెలవులో ఉన్నాడు.

కొత్త కుర్చీలో చతికిలబడగానే మొదటి ఫిర్యాదు బావమరిది పట్టుకొచ్చాడు. వాళ్లింట్లోనూ నీళ్లు రావడం లేదట, ఏ రోజు ఏ గంటకు వస్తాయో ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టమన్నాడు.