తొంభైతొమ్మిది నల్ల గడులు

"పేర్లు చూపిచ్చేకి నీకేం కష్టమే?" రంగనాయకులు మూడోసారి అడిగాడు. ఉమాదేవి మూడోసారి కూడా వినపడనట్టే కాఫీలో చక్కెర కలిపింది.

కూతురు భవ్యశ్రీ పెళ్ళి. ఆదోనిలో తమకు, ఎమ్మిగనూరులో వియ్యపురాలు శారదమ్మకు ఉమ్మడి చుట్టాలు చాలామంది. ఒక ఇంటికి రెండు పత్రికలెందుకని శారదమ్మ జాబితా అడిగింది. ఉమాదేవి రాసిన జాబితాలో భర్త చిన్నాయన కూతురు పద్మావతి పేరు లేదు. నిశ్చితార్థంలో పాయసం పల్చగా ఉందని ఆమె నలుగురిలో అన్నందుకు ఉమాదేవే కొట్టేసింది. ఆ సంగతి భర్తకు తెలియదు. పద్మావతి ఉండేదేమో శారదమ్మ వీధిలోనే.

"పేర్లెందుకు?" అంటూ భవ్యశ్రీ కాగితం మీద నూరు గడులు గీసి, సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా అంకెలు వేసింది. "మన చుట్టాల ఫోన్ నంబర్లలో చివరి రెండంకెల గడి నలుపు చేద్దాం. వాళ్ళ మనిషి గడి నల్లగా ఉంటే మనమూ పిలుస్తున్నట్టే. ఎవరి పేరూ బయటపడదు."

చుట్టాలు నాలుగు వందల మంది. కాగితం తారు పూసినట్టయింది. అరవైమూడు ఒక్కటే తెల్లగా మిగిలింది. ఫొటో ఎమ్మిగనూరు చేరింది.

మూడు రోజులకు శారదమ్మ ఫోన్ చేసింది. "మావాళ్ళంతా మీ దాంట్లోనే ఉండారు వదినా! మేము పత్రికలు పంచేది నిలిపేస్తిమి. అరవైమూడు, పద్మావతి ఒక్కతే లేదు. పాపం, ఆమెకూ చెప్పినాను. ఇప్పుడే ఆదోని బస్సెక్కింది."

పక్కనే ఉన్న రంగనాయకులు అంతా విన్నాడు. "నా చెల్లెల్నే తీసేస్తివా? పద్మ రాకుంటే ఈ పెళ్ళిలో నేనూ కూర్చోను!"

గంటన్నరకు పద్మావతి రానే వచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏమి వదినా ఆ శారదమ్మ! నేను లేనంట! నంబరు మార్చి ఆర్నెల్లాయె. ఇప్పుడు నాది పద్దెనిమిది. ఆమె పంపిన ఫొటో బస్సులో చూసినా, నల్లగా ఉండాది! నన్ను మరిచేకి నీకు మనసొస్తాదా? అది సరే, ఆడ ఒక్కరికీ పత్రిక అందలే. అందరూ మూతి ముడుచుకోని ఉండారు. అది చెప్పేకే వచ్చినా."

పద్దెనిమిది గడి నల్లబడింది జిన్నింగ్ మిల్లు సోమప్ప నంబరుకు. ఉమాదేవి ఆ మాట ఎత్తలేదు. గుండెల నిండా ఊపిరి తీసుకుని, "లోపలికి రా తల్లీ" అంది. రంగనాయకులు గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదవసాగాడు.

భోజనాల దగ్గర ఉమాదేవి అందరికీ మెల్లగా చెప్పింది. "శారదమ్మకు పేర్లే పంపుదాం. అన్నీ. ఎమ్మిగనూరు పత్రికలు నేనూ పద్మా కలిసి పంచుతాం."

ఆ సాయంత్రం పంపిన జాబితాలో చివరి పేరు మాత్రం వేరే సిరాతో ఉంది.